కర్బనం కొలిచి నత్రజని రాశాం

గాజు కుప్పెలో ఒక గ్రాము మట్టి వేసి, దాని మీద పది మిల్లీలీటర్ల పొటాషియం డైక్రోమేట్ పోయాలి. నారింజ రంగు ద్రావణం అది. ఆపైన ఇరవై మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. కుప్పె పట్టుకోలేనంత వేడెక్కుతుంది. ఆ వేడికి మట్టిలోని సేంద్రియ కర్బనం లోపలే కాలిపోతుంది. అరగంట పక్కన పెట్టి వచ్చి చూస్తే, కర్బనం దండిగా ఉన్న మట్టయితే నారింజ విరిగి ఆకుపచ్చ తిరిగి ఉంటుంది. కర్బనం లేని మట్టయితే పోసిన రంగు పోసినట్టే ఉంటుంది. వాక్లీ, బ్లాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1934లో ప్రకటించిన పరీక్ష ఇది. 1980 నుంచి ముప్పై మూడేళ్ళు ఒక భూసార పరీక్ష కేంద్రంలో నేను చేసిన పని ఇదే. రోజూ బల్ల మీద పదుల కుప్పెలు వరుసగా ఉండేవి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ వరుసలో ఆకుపచ్చవి తగ్గి నారింజవి పెరగడం నా కళ్ళతో చూశాను.

ఉద్యోగంలో చేరిన మొదటి వేసవిలో మా చేని మట్టి నేనే తెచ్చి పరీక్ష చేసుకున్నాను. మాది ఉమ్మడి పాలమూరు జిల్లా మక్తల్ వైపు, కృష్ణకు దగ్గర. తడిస్తే చెప్పుకు కిలో మట్టి అంటుకునే రేగడి నేల, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు ఇచ్చే నేల. అంత నల్లటి మట్టిలో కర్బనం ఎంత ఉంటుందో అని ఆశగా చూశాను. కుప్పె నారింజగానే ఉండిపోయింది. లెక్క కడితే అర శాతం కూడా లేదు. రేగడి నలుపు కర్బనం వల్ల వచ్చింది కాదనీ, ఆ జాతి బంకమట్టికి కొద్దిపాటి సేంద్రియ పదార్థం గట్టిగా అంటుకున్నా అంత నలుపు వస్తుందనీ ఆ రోజు మా సీనియర్ చెప్తే తెలిసింది.

ఆ పూట తెచ్చిన సంచులు రెండు. రెండోది ఊరికి ఆనుకుని ఉన్న ఎకరంన్నర చేనిది. అదీ రేగడే, అదే నలుపు. ఆ కుప్పె మాత్రం ఆకుపచ్చ తిరిగింది. వారాంతం ఇంటికి పోయి నాయిన్ని అడిగాను.

"అండ్ల మీ తాత నాటి నుంచి మంద పడ్డది గదరా," అన్నాడు నాయిన, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

మంద పెట్టుడు అంటే ఇప్పటి పిల్లలకు చెప్పాల్సి వస్తోంది. జొన్న కోసి చొప్ప ఇంటికి చేరాక, మోళ్ళు మాత్రం మిగిలిన చేన్లో కుర్మల గొర్ల మందను రాత్రిళ్ళు పడుకోబెట్టించుకోవడం. మా దిక్కు గొర్లంటే నల్ల గొర్లు, గొంగడి నేసే ఉన్ని ఇచ్చే దక్కనీ జాతి. పగలంతా బీళ్ళలో, కంచెల్లో, గట్ల మీద తిరిగి మేస్తాయి. పొద్దు గూకేసరికి మాట్లాడుకున్న చేనుకు వస్తాయి. రాత్రికి ఇన్ని శేర్ల జొన్నలనీ, కాపరులకు బువ్వ, చారు రైతు ఇంటి నుంచే అనీ ఒప్పందం. అది కాగితం మీద ఉండేది కాదు. పోయినేడు ఎంత ఇచ్చిందీ ఇద్దరికీ గుర్తుండేది.

మా ఇంటి నుంచి బువ్వ మోసుకుపోయే పని నాది. ఒక రాత్రి అక్కడే గొంగడి కప్పుకుని పడుకున్నాను. నడిజాములో కుర్మ తాత లేచి, నోటితో ఒక వింత చప్పుడు చేస్తూ మందనంతా లేపాడు. గొర్లు బద్ధకంగా లేచి నిలబడ్డాయి. నిలబడగానే ఉచ్చ పోశాయి. అన్నీ ఒక్కసారి. వాన మొదలైనట్టు చప్పుడు. తాత వాటిని ఇరవై అడుగులు అవతలికి జరిపి మళ్ళీ పడుకోబెట్టాడు.

"నిద్ర చెడగొడ్తవేంది తాతా?" అన్నాను.

"పండుకున్న కాడ పెంటికలుంటయి, లేచిన కాడ ఉచ్చ పడ్తది. రెండూ చేనంత సమంగ పడాలె బిడ్డా. లేకుంటే ఒక్కకాడ జొన్న నెత్తిదాక పెరుగుతది, ఒక్కకాడ మోకాళ్ళకాడ నిలుస్తది. మీ నాయిన నన్నే అడుగుతడు," అన్నాడు.

ఆ మాటలో ఉన్న శాస్త్రం నాకు పాతికేళ్ళకు గానీ అర్థం కాలేదు. ఉచ్చలో నత్రజని ఉంది, అదీ యూరియా రూపంలోనే. పెంటికల్లో కర్బనం ఉంది. ఆ రెండూ ఒకే రాత్రి ఒకే చేన్లో జంటగా పడుతున్నాయి. అసలు మట్టిలోని సేంద్రియ పదార్థమే అలాంటి జంట. ఒక పాలు నత్రజనికి పది పన్నెండు పాళ్ళ కర్బనం. ఇటు తగ్గితే అటూ నిలవదు. "మంద పడ్డ చేను మూడేండ్లు మర్వదు" అనేవాడు నాయిన. తర్వాత ప్రయోగశాల పుస్తకాల్లో చదివింది దానికి దగ్గరగానే ఉంది. పశువుల ఎరువులోని నత్రజని మొదటి పంటకు కొంతే అందుతుంది, మిగిలింది తర్వాతి పంటలకు నెమ్మదిగా విడుదలవుతుంది.

మా దిక్కు నేలకు పెంటతో ఉన్న బంధం ఎంత పాతదో చెప్పడానికి మక్తల్ వైపే ఒక చోటుంది. ఉట్నూరు. ఆదిలాబాదు ఉట్నూరు కాదు, మా పాలమూరు ఉట్నూరు. అక్కడొక బూడిద దిబ్బ ఉండేది. ఇలాంటి దిబ్బలు రాయచూరు, బళ్ళారి, అనంతపురం దాకా పదుల సంఖ్యలో ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషు అధికారులు వాటిని చూసి కొందరు అగ్నిపర్వతం బూడిద అన్నారు, కొందరు ఇనుము కరిగించిన చోటన్నారు. జనం మాత్రం రాక్షసుణ్ణి కాల్చిన చోటని చెప్పుకునేవారు. అది కాలిన ఆవుపేడ అని రాబర్ట్ బ్రూస్ ఫూట్ అప్పట్లోనే గట్టిగా వాదించాడు. 1957లో రేమండ్ ఆల్చిన్ ఉట్నూరు దిబ్బను తవ్వాడు. పొరలు పొరలుగా బూడిద, చుట్టూ దడి కట్టిన గుంజల గుంతలు. ఒక పొరలో ఆవుల గిట్టల ముద్రలు, నిన్న నడిచిపోయినట్టు. నాలుగున్నర వేల ఏళ్ళ కిందటి పశువుల దొడ్డి అది. ఏళ్ళ తరబడి దొడ్లో పేరుకున్న పేడను ఎప్పటికప్పుడు తగలబెట్టేవారు. పండగకో, మొక్కుకో, రోగం రాకుండానో.

ఆ గిట్టల ముద్రల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు తట్టేది ఒక్కటే. అప్పటికి పేడ విలువ వాళ్ళకు తెలియదో, తెలిసినా చేనంటూ పెద్దగా లేదో, అంత పెంటనూ కాల్చేశారు. కర్బనం, నత్రజని రెండూ పొగలో పోయాయి. సున్నమూ ఖనిజాలూ మిగిలాయి. తర్వాత వేల ఏళ్ళకు రైతులు వచ్చి అలాంటి దిబ్బల బూడిదను బండ్లకెత్తి చేన్లకు తోలుకున్నారు. మా నాయిన తరంలో కూడా పాటిమన్ను అంటే ప్రాణం పెట్టేవారు. పాడుబడ్డ పాత ఊరి దిబ్బ మట్టి అది. బూడిద, పేడ, ఎముకలు, పెంకులు కలిసి ఉంటుంది. ఏ రైతూ చరిత్ర కోసం ఆ దిబ్బలు తవ్వలేదు. మిరప తోట కోసం తవ్వాడు. పురావస్తు శాఖ వాళ్ళకు దానివల్ల నష్టమే జరిగింది, కాదనను.

మందకు తోడు పెంట, పెంటకు తోడు చెరువు మట్టి. ఎండాకాలం ఊళ్ళో వినపడే చప్పుళ్ళలో పెంట బండ్ల చప్పుడే ఎక్కువ. ఇంటి వెనక పెంటకుప్పలో ఏడాదంతా పేడ, బూడిద, ఎద్దులు తినగా మిగిలిన చొప్ప చిత్తు వేసి ముగ్గనిచ్చి, ఉగాది దాటాక బండికి తడకలు కట్టి చేనుకు కొట్టేవాళ్ళు. చేనంతా కుప్పలు కుప్పలుగా పోసి, తొలకరికి ముందు గంపలతో చిమ్మేవాళ్ళు. మా అవ్వ ఆ పనిలో దిట్ట. గంప నడుముకు ఆనించి, అడుగు అడుగుకూ ఒక్క విసురు. కొంచెం దూరంలో నిలబడి చూస్తే విత్తనం చల్లుతోందనుకుంటారు. చెరువు ఎండితే అడుగున పేరుకున్న ఒండ్రు చెల్కలకు తోలేవాళ్ళు. ఎర్ర చెల్కకు నీళ్ళు నిలిపే బంక ఉండదు, అది చెరువు మట్టి నుంచి రావాలి. నిజానికి ఆ ఒండ్రు ఎవరిదో కాదు. పై చేన్ల నుంచి వానకు కొట్టుకుపోయి చెరువులో చేరిన మన మట్టే, మన పెంటే. కాకతీయుల నాటి నుంచి గొలుసుకట్టు చెరువులు నీళ్ళతో పాటు ఈ మట్టిని కూడా దాచిపెట్టాయి.

1889లో బ్రిటిషు ప్రభుత్వం జాన్ అగస్టస్ వోల్కర్ అనే రసాయన శాస్త్రవేత్తను మన దేశానికి పంపింది. ఏడాదికి పైగా తిరిగి 1893లో నివేదిక అచ్చు వేయించాడు. మన రైతుకు సేద్యం రాదని అప్పటి దొరలు అనుకునే రోజుల్లో, రైతు సగటు ఇంగ్లీషు రైతుకు ఏమీ తీసిపోడనీ, కొన్ని పనుల్లో మించినవాడనీ రాశాడు. లోటు ఎరువులో ఉందన్నాడు. పిడకలు చేసి పొయ్యిలో పెట్టడం రైతుకు తెలియక చేసే తప్పు కాదనీ, కట్టెలు దొరకక చేస్తున్నదనీ, ఊరికో వంటచెరకు అడవి పెంచితే పేడ దానంతటదే చేనుకు పోతుందనీ సూచించాడు. ఆ అడవులు రాలేదు. నిజాం రాజ్యంలోని మా ఊళ్ళ దాకా ఆ నివేదిక గాలి కూడా సోకి ఉండదు. మా అవ్వ పిడకలు కొడుతూనే ఉంది. గోడ మీద చేతి వేళ్ళ అచ్చులతో వరుసగా ఆరిన పిడకలు ఎంత అందంగా ఉన్నా, పొయ్యిలోకి పోయిందంతా చేనుకు రావాల్సిన కర్బనమే అని ఇప్పుడు లెక్క తెలిసి బాధ కలుగుతుంది. పెంటకు స్వర్ణయుగం ఒకటి ఉండేదని చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. పెంట ఎప్పుడూ చాలలేదు. ఊరి పక్క చేన్లకు దొరికేది, దూరపు చేన్లకు దొరికేది కాదు. నా రెండు కుప్పెల రంగుల తేడా అదే.

ఇక యూరియా సంచి కథ. గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చవచ్చని ఫ్రిట్జ్ హేబర్ 1909లో జర్మనీలో చూపించాడు. కార్ల్ బాష్ దాన్ని 1913లో ఒప్పావులో కర్మాగారం చేశాడు. మన దేశంలో స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో అప్పటి బీహారులోని సింద్రీ కర్మాగారం మొదలైంది. 1967లో విశాఖలో కోరమాండల్ ఎరువుల కర్మాగారం, 1980లో బొగ్గు ఆధారంగా నడిచే రామగుండం కర్మాగారం వచ్చాయి. రామగుండం 1999లో మూతపడి, 2021లో గ్యాసుతో మళ్ళీ మొదలైంది. 1950ల మొదట్లో దేశమంతా వాడిన రసాయన ఎరువుల పోషకాలన్నీ కలిపితే లక్ష టన్నుల లోపే. ఇప్పుడు ఒక్క యూరియా ఏటా 350 లక్షల టన్నులు దాటుతోంది.

మా ఇంటికి మొదటి యూరియా సంచి వచ్చిన రోజు నాకు గుర్తుంది. నాయిన గింజలు అరచేతిలో పోసుకుని చూశాడు. ముత్యాల్లా ఉన్నాయి. చేతి చెమటకు కరిగి చల్లగా తగిలితే ఆశ్చర్యపోయాడు. 50 కిలోల సంచిలో 23 కిలోల నత్రజని. టన్ను పెంటలో ఉండేది ఐదు కిలోలు. ఆ సంచికి సాటి రావాలంటే నాలుగున్నర టన్నుల పెంట, బండికి అరటన్ను చొప్పున తొమ్మిది బండ్లు. తొమ్మిది బండ్లు నింపి, తోలి, దింపి, చిమ్మే బదులు ఒక్క మనిషి సంచి భుజాన వేసుకుని పోతాడు. మా అవ్వ నడుముకు అంతకన్నా పెద్ద ఉపకారం ఎవరూ చేయలేదు. అరవయ్యో దశకపు కరువులు చూసినవాళ్ళకు ఆ సంచి అన్నం పెట్టింది. దాన్ని విషం అని తిట్టేవాళ్ళతో నేను ఎన్నడూ గొంతు కలపలేదు.

కాని తొమ్మిది బండ్ల పెంటతో పాటు వందల కిలోల కర్బనం కూడా చేనుకు పోయేది. సంచితో పోదు. యూరియాలో నూటికి ఇరవై పాళ్ళు కర్బనమే అయినా, అది మట్టిలో పడ్డ కొద్ది రోజులకే బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తుంది. నత్రజని వచ్చింది గనుక పెంటకు బదులు వచ్చేసిందని అందరం అనుకున్నాం. మంద అవసరం తప్పింది. జొన్న పోయి పత్తి వచ్చింది. చొప్ప లేక ఎద్దులు పోయాయి, ట్రాక్టరు వచ్చింది. పెంటకుప్ప ఉన్న చోట సిమెంటు గచ్చు వచ్చింది. ఇవన్నీ ఒక్కరోజులో జరగలేదు, ఎవరి కుట్రా కాదు. ఇరవై ఏళ్ళలో ఒక్కొక్కటే జరిగాయి. ఒక దశలో ప్రభుత్వ ధరల విధానం కూడా అటే తోసింది. 1992లో భాస్వరం, పొటాషు ఎరువుల ధరలు వదిలేసి యూరియా ధర మాత్రం పట్టి ఉంచారు. చవకైన సంచే చేనులో ఎక్కువ పడింది.

ఇప్పుడు మా ప్రయోగశాల సంగతి చెప్పాలి. మట్టిలో మొక్కకు అందే నత్రజనిని నేరుగా కొలిచే పద్ధతి ఉంది. సుబ్బయ్య, అసిజా 1956లో చెప్పారు. కాని దానికి సమయం, గ్యాసు, సామాను ఎక్కువ కావాలి. కర్బనం పరీక్ష త్వరగా అవుతుంది. కర్బనానికీ నత్రజనికీ పది పన్నెండుకు ఒకటి అన్న లెక్క ఉంది గనుక, కర్బనం కొలిచి దాన్నిబట్టి నత్రజని అంచనా కట్టడం దేశంలోని ఎన్నో కేంద్రాల్లో ఆనవాయితీ. మేమూ అదే చేశాం. కర్బనం 0.5 శాతం కన్నా తక్కువైతే 'తక్కువ', 0.75 దాకా 'మధ్యమం', ఆపైన 'ఎక్కువ'. కాగితం మీద మాత్రం కర్బనం అని ఉండేది కాదు, 'నత్రజని: తక్కువ' అని ఉండేది. తక్కువ అయితే మామూలు సిఫారసుకు మరో పావు భాగమో, ఇంకొంచెమో కలిపి యూరియా రాసేవాళ్ళం.

ఒక రైతు, పేరెందుకు, మా పక్క మండలం మనిషి, తువ్వాలలో మూట కట్టిన మట్టితో వచ్చేవాడు. చెప్పినట్టే వి ఆకారంలో గుంత తీసి, 15 సెంటీమీటర్ల లోతు మట్టి, ఎకరంలో పదిచోట్ల ఎత్తి, కలిపి, నాలుగు భాగాలు చేసి, నీడలో ఆరబెట్టి తెచ్చేవాడు. అంత శ్రద్ధగా తెచ్చిన మట్టి నేను చూడలేదు.

"ఏమొచ్చింది సారూ?"

"నత్రజని తక్కువుంది."

"అంటే ఉరియా పెంచాల్నా?"

"ఎకరానికి పావు బస్తా పెంచు."

నాలుగైదేళ్ళకోసారి వచ్చేవాడు. ప్రతిసారీ కుప్పె అంతకు ముందుకన్నా నారింజగా ఉండేది. ప్రతిసారీ నేను యూరియా పెంచి రాశాను. ఆయనకు కొరతగా ఉన్నది కర్బనం. నా చేతిలోని కుప్పె నాకు చెప్పింది కూడా కర్బనమే. నేను రాసిచ్చింది నత్రజని. పెంట వెయ్యమని చివర్లో ఒక వాక్యం అచ్చు వేసి ఉండేది, దాన్ని ఎవరూ చదివేవారు కాదు, నేనూ చదివి వినిపించలేదు. ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో నా మనసును ఇప్పటికీ కోస్తున్న పని అది.

అయితే నత్రజని వేస్తే కర్బనం పోతుందని ఒక్కమాటలో తేల్చడానికి వీల్లేదు. ఏ నేల, ఎంత మోతాదు అన్నది చూడాలి. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో మా రేగడి లాంటి నేలలోనే 1976 నుంచి ఒక ప్రయోగం నడిచింది. ఒక పక్క పాత పద్ధతి. వానాకాలమంతా చేను బీడుగా ఉంచి యాసంగిలో మాత్రం పంట. ఇంకో పక్క వెడల్పు బోదెలు తీసి, వానాకాలంలోనే జొన్నలో కంది కలిపి వేసి, మితంగా నత్రజని, భాస్వరం వేసిన పద్ధతి. 24 ఏళ్ళ తర్వాత చూస్తే కొత్త పద్ధతి చేనులో హెక్టారుకు ఏడు టన్నులకు పైగా కర్బనం ఎక్కువగా ఉంది, లోతు పొరలతో సహా. కంది వేరు లోతుకు దిగుతుంది, ఆకు రాలుస్తుంది, నేల ఏడాదిలో ఎక్కువ రోజులు పచ్చగా ఉంటుంది. అక్కడ రసాయన నత్రజని వేరును పెంచింది, వేరు కర్బనాన్ని పెంచింది. పైరును చేన్లోంచి మొదలంటా ఊడ్చుకుపోయి, ఉత్త నేల మీద ఉత్త యూరియా చల్లినప్పుడు కథ వేరు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843 నుంచి ఆగకుండా సాగుతున్న గోధుమ చేను ఉంది. ఏటా పశువుల ఎరువు వేసిన మడిలో కర్బనం రెట్టింపు దాటింది. ఎరువు సంచులు మాత్రమే వేసిన మళ్ళు ఏమీ వెయ్యని మడి కన్నా కొద్దిగానే పైన ఉన్నాయి.

మోతాదు మించిన నత్రజని మట్టిలో ఏం చేస్తుందో రేగడిలో, చెల్కలో వేరువేరుగా చూశాను. యూరియా నుంచి వచ్చిన అమ్మోనియం మట్టిలో నైట్రేటుగా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది. మా రేగడిలో సున్నపు గులకలు ఉంటాయి. ఆమ్లం వాటిని కరిగిస్తే అందులో వేల ఏళ్ళుగా బందీ అయి ఉన్న కర్బనం బొగ్గుపులుసు వాయువుగా లేచిపోతుంది. ఎర్ర చెల్కలో అంత సున్నం ఉండదు, నేలే పులుస్తుంది. సేంద్రియ పదార్థాన్ని బంకమట్టికి పట్టి ఉంచే అతుకుల్లో సున్నపు అతుకు ముఖ్యమైనది. అది కరిగి నీటితో కిందికి దిగిపోతే, దాగి ఉన్న కర్బనం సూక్ష్మజీవుల నోటికి చిక్కుతుంది. దక్షిణ కాలిఫోర్నియా పొడి నేలల్లో ఏళ్ళ తరబడి నత్రజని చల్లి చూసిన శాస్త్రవేత్తలకూ ఇదే కనిపించింది. ఆ వాతావరణం మా పాలమూరుకు చుట్టం లాంటిదే, వాన తక్కువ, ఎండ ఎక్కువ. అదే అమెరికాలో చల్లని మసాచుసెట్స్‌లోని హార్వర్డ్ అడవిలో 1988 నుంచి నత్రజని వేస్తే, ఆకును కుళ్ళబెట్టే శిలీంధ్రాలు నీరసించి కర్బనం పెరిగింది. చల్లటి అడవి లెక్క తెచ్చి పొడి నేలకు కట్టకూడదు.

మొక్క తీసుకోని నత్రజని చేను గట్టు దగ్గర ఆగదు. కొంత నైట్రేటుగా బావుల్లోకి దిగుతుంది. కొంత అమ్మోనియాగా లేచి, యూరియా వాసన ఎరగని బీళ్ళ మీదా అడవుల మీదా వానతో పడుతుంది. కొంత నైట్రస్ ఆక్సైడుగా మారుతుంది, అది బొగ్గుపులుసు వాయువు కన్నా 273 రెట్లు భూమిని వేడెక్కించే వాయువు. ఆ వేడి తిరిగి నేల మీదకే వస్తుంది. హార్వర్డ్ అడవిలోనే 1991లో ఇంకో ప్రయోగం మొదలైంది. నేలలో తీగలు పాతి 5 డిగ్రీలు వేడి చేసి ఉంచారు. 26 ఏళ్ళలో పై 60 సెంటీమీటర్ల మట్టి 17 శాతం కర్బనం పోగొట్టుకుంది. ప్రపంచం మొత్తం మీద మట్టిలో ఉన్న కర్బనం గాలిలో ఉన్నదాని కన్నా, చెట్లలో ఉన్నదాని కన్నా, ఆ రెండూ కలిపినదాని కన్నా ఎక్కువ. అందులోంచి కొంచెం కదిలినా గాలికి పెద్ద బరువే.

మా దిక్కు వేడి ఎలా పని చేస్తుందో తొలకరి చెప్తుంది. నెలలు ఎండిన నేల మీద మొదటి వాన పడగానే సూక్ష్మజీవులు ఒక్కసారి లేచి కర్బనం మీద పడతాయి. నేల బుస్సున ఊపిరి వదిలినట్టు బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. 1958లో తూర్పు ఆఫ్రికాలో పని చేసిన బిర్చ్ ఈ సంగతి రాశాడు. ఒకప్పుడు ఏడాదికి ఒకటి రెండు సార్లు జరిగేది. ఇప్పుడు వాన మధ్య మధ్య ఇరవై రోజులు ఆగిపోయి, నేల మాడి, మళ్ళీ ఒక్క రాత్రిలో కుండపోత కురుస్తోంది. ఎండి తడిసిన ప్రతిసారీ నేల ఊపిరి వదులుతుంది. ఆ కుండపోత పైపొరను కూడా వాగుపాలు చేస్తుంది. కర్బనం తగ్గిన నేల నీళ్ళు పట్టుకోలేదు, నీళ్ళు పట్టని నేల ఇంకా త్వరగా ఎండుతుంది. అయినా 2025 వానాకాలంలో మా ఊళ్ళోనూ జనం యూరియా కోసం తెల్లవారుజామున చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డారు. ఆ వరుసలో నా కుప్పెల కాగితాలు పట్టుకుపోయిన వాళ్ళ కొడుకులు ఉన్నారు.

2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలై 46 వేలకు పైగా చెరువుల పూడిక తీత తలపెట్టినప్పుడు, పదవీ విరమణ చేసి రెండేళ్ళయిన నేను ట్రాక్టరు మాట్లాడుకుని మా దూరపు చెల్కకు 40 ట్రిప్పులు ఒండ్రు తోలించాను. మట్టి ఉచితం, కిరాయి మనది. అప్పటి నుంచి ఏటా తొలకరికి జనుము చల్లి పూతకు రాగానే దున్నిస్తున్నాను. పత్తి కట్టె కాల్చనివ్వడం లేదు, ముక్కలు చేసి నేలలోనే కలిపిస్తున్నాను. యూరియా మానలేదు, సగం చేశాను, అది కూడా తేమ చూసి మూడు దఫాలుగా. రెండేళ్ళకోసారి మట్టి తీసి పాత సహోద్యోగుల చేత పరీక్ష చేయిస్తున్నాను. పదేళ్ళలో కుప్పె రంగు మారింది. పచ్చ కాలేదు గాని, నారింజ కూడా కాదు. పసుపు కలిసిన మురికి పచ్చ. మట్టిలో కర్బనం పెరగడానికి ఇంత కాలం పడుతుందని ముప్పై మూడేళ్ళు పరీక్షలు చేసిన నేను అప్పటిదాకా నమ్మలేదు.

2015 నుంచి ఇస్తున్న భూసార ఆరోగ్య కార్డులో పన్నెండు వరుసలుంటాయి. మీ ఇంట్లో, మీ అన్నదమ్ముల ఇంట్లో అలాంటి కార్డు ఉంటే తీయండి. నత్రజని వరుస చూసి యూరియా ఎంతో లెక్క పెట్టే ముందు, ఓసీ, అంటే సేంద్రియ కర్బనం, అని ఉన్న వరుస చూడండి. అక్కడ 0.5 కన్నా తక్కువ అంకె ఉంటే అది మీ చేను పెంట అడుగుతున్నట్టు. ఈ ఎండాకాలం మీ ఊరి మీదుగా గొర్ల మంద పోతుంటే ఆపి అడగండి. జొన్నలు వద్దంటారు, డబ్బులే అడుగుతారు. ఇచ్చి, నాలుగు రాత్రులు మీ చేన్లో పడుకోబెట్టమనండి. నడిజాములో ఒకసారి లేపి జరపమని చెప్పడం మరవకండి.